నగరం నడుమ గుట్టలు: రాయికి కాపలా ఎవరు?



మన ప్రాంతం నుండి పెద్ద వైద్యం కోసం హైదరాబాద్ వెళ్ళే కుటుంబాలు చాలా ఉన్నాయి. మహబూబాబాద్ వారు నేరుగా రైలెక్కుతారు. భూపాలపల్లి వారు బస్సులో హన్మకొండ చేరి, కాజీపేటలో రైలు పట్టుకుంటారు. జనగామ వారికి స్టేషన్ ఊళ్ళోనే ఉంది. జనగామ దాటి ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ మీదుగా పోతుంటే కిటికీకి రెండు వైపులా గుండ్లు, గుట్టలు కనిపిస్తూనే ఉంటాయి. భువనగిరిలో కోటను మోస్తున్న ఏకశిల కనిపిస్తుంది. సికింద్రాబాద్ చేరబోయే ముందు మౌలాలీ గుట్ట కనిపిస్తుంది. రోగం గురించి, ఖర్చుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నవారికి అవి ఉత్త రాళ్ళే అనిపించవచ్చు.

ఆ రాళ్ళలో కొన్నింటిని కాపాడటానికి ఒకప్పుడు ప్రభుత్వమే నిబంధన పెట్టిందని, తరవాత ఆ నిబంధన పోయిందని చాలామందికి తెలియదు. కోటి మందికి పైగా ఉండే నగరం మధ్యలో జింకలకు, నెమళ్ళకు చట్టం కాపలా కాసే అడవులు ఉన్నాయని కూడా కొందరికి తెలియదు. ఆరోగ్య పత్రికలో గుట్టల గురించి ఎందుకని మీరు అడగవచ్చు. మనం తాగే నీరు, పీల్చే గాలి, నడిచే నేల ఈ గుట్టలతో ముడిపడి ఉన్నాయి. గుట్టను పగలగొట్టే చోట పనిచేసే మన మనుషుల ఊపిరితిత్తులు కూడా ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం.

ఈ రాళ్ళ వయసెంత?

హైదరాబాద్ చుట్టూ, జనగామ చుట్టూ కనిపించేది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. దీని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళే అయింది. భూపాలపల్లి గనుల్లో సింగరేణి తవ్వే బొగ్గు సుమారు 25 నుండి 30 కోట్ల ఏళ్ళ నాటి అడవుల నుండి వచ్చింది. అంటే జనగామ గుండు పుట్టినప్పుడు భూపాలపల్లి బొగ్గూ లేదు, ఆ బొగ్గుకు ఆధారమైన చెట్టూ లేదు.

ఈ రాయి భూమి లోపల చాలా లోతున, కరిగిన ముద్ద మెల్లమెల్లగా చల్లారి గట్టిపడటం వల్ల ఏర్పడింది. నెమ్మదిగా చల్లారింది కాబట్టే దానిలో తెలుపు, గులాబీ, నలుపు పలుకులు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉంటాయి. కోట్ల ఏళ్ళలో పైనున్న పొరలన్నీ అరిగిపోయి ఇది బయటపడింది. నెత్తి మీద బరువు తగ్గేసరికి రాయి నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెల్లోకి వాన నీరు దిగింది. ఏ రాయికైనా మూలలే ముందు అరుగుతాయి. అలా మూలలు అరిగి గుండ్లు గుండ్రంగా తయారయ్యాయి. అరిగిన భాగం మొరమై, మట్టై కొట్టుకుపోయింది. మనం ఇంటి ముందు పోసుకునే మొరం అదే. కొట్టుకుపోనివి ఒకదాని మీద ఒకటి నిలిచిపోయాయి.

ఒక పెద్ద గుండు మీద ఇంకో గుండు పేర్చినట్లు ఉండటం చూసి, పూర్వం రాక్షసులు విసిరారనో, భీముడు పెట్టాడనో చెప్పుకునేవారు. నిజానికి వాటిని ఎవరూ పేర్చలేదు. అవి ఉన్న చోటనే ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్నదే వెళ్ళిపోయింది. ఒకసారి పగలగొడితే మళ్ళీ పేర్చగల చెయ్యి కూడా లేదు. చెట్టు కొట్టేస్తే ఇంకొకటి నాటవచ్చు. చెరువు పూడితే పూడిక తీయవచ్చు. గుండును పేల్చేస్తే మాత్రం అంతటితో సరి.

తొమ్మిది శిలలు, ఒక నిబంధన

హైదరాబాద్ పెరిగే కొద్దీ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు గుట్టలు వరుసగా కరిగిపోయాయి. మందుపాతర పెట్టి పేల్చడం, కంకర చేయడం, ఆ చోట ఇళ్ళు, కార్యాలయాలు కట్టడం మామూలైపోయింది. ఇది చూసి బాధపడిన చిత్రకారులు, ఫోటోగ్రాఫర్లు, ప్రకృతి ప్రేమికులు కొందరు కలిసి 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంఘాన్ని స్థాపించారు. జర్మనీలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ ఈ సంఘం పనిని చాలా ఏళ్ళు ముందుండి నడిపించారు. జనాన్ని గుట్టల దగ్గరకు తీసుకువెళ్ళి చూపించే ‘రాక్ వాక్’లను ఈ సంఘమే అలవాటు చేసింది.

ఆ రోజుల్లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ ‘హుడా’ నిబంధనల్లో 13వది పాత కట్టడాల రక్షణకు సంబంధించినది. అది 1995లో వచ్చింది. చార్మినార్ కాలం నాటి కట్టడాలతో పాటు రాళ్ళు కూడా వారసత్వమే అని సంఘం వాదించింది. ఫలితంగా తొమ్మిది శిలా సముదాయాలు ఆ జాబితాకు ఎక్కాయి. మాదాపూర్ శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులా ఉండే ‘బేర్స్ నోస్’, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టగొడుగులా ఉండే ‘మష్రూమ్ రాక్’, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, జూబ్లీహిల్స్‌లోని ‘క్లిఫ్ రాక్’, ఫిల్మ్‌నగర్ దగ్గరి ‘మాన్‌స్టర్ రాక్’, మౌలాలీ దగ్గరి ‘సెంటినెల్ రాక్’ వాటిలో ఉన్నాయి. రాయిని కట్టడంతో సమానంగా వారసత్వ జాబితాలో చేర్చడం మన దేశంలో అరుదైన సంగతి.

అయితే 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ 13వ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాగితం మీద రాసిన రక్షణ ఎంత త్వరగా మారగలదో ఈ రెండేళ్ళు చూపించాయి. 250 కోట్ల ఏళ్ళు నిలిచిన రాయికి దొరికిన కాగితపు రక్షణ ఇరవై ఏళ్ళు కూడా నిలవలేదు.

దేశం మొత్తం మీద కూడా పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కొన్ని చోట్లను ‘జాతీయ భూగర్భ స్మారకాలు’గా గుర్తించింది. గుర్తింపు వేరు, శిక్ష వేయగల చట్టం వేరు. ఇలాంటి చోట్ల కోసమే ప్రత్యేకంగా ఒక ముసాయిదా బిల్లును కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ప్రజల ముందు పెట్టింది.

జింక నీడలో బతికిన రాయి

అడవి జంతువుల సంగతి కొంత మెరుగు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఒక చోటును జాతీయ ఉద్యానవనంగా ప్రకటిస్తే, దాని హద్దులు మార్చడం అంత సులువు కాదు. జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి. హైదరాబాద్‌కు అలాంటి ఉద్యానవనాలు మూడు ఉన్నాయి.

మొదటిది కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. అందరూ కేబీఆర్ పార్కు అంటారు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య నగరం నడిబొడ్డున ఉంది. నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ దీని లోపలే ఉంది. 1998లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల లోపే. అంత చిన్న చోటులోనే నెమళ్ళు తిరుగుతాయి, పెద్ద పెద్ద గుండ్లు చెట్ల మధ్య చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి.

రెండవది వనస్థలిపురం దగ్గర, విజయవాడ రహదారి పక్కన ఉన్న మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాంల వేట స్థలం. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో జింకల పార్కుగా మొదలై, 1994లో జాతీయ ఉద్యానవనమైంది. 14 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తొర్రూరు, సూర్యాపేట మీదుగా బస్సులో వెళ్ళేవారు దీని పక్కనుండే నగరంలోకి ప్రవేశిస్తారు. మెలి తిరిగిన కొమ్ముల కృష్ణజింకలు ఇక్కడ ప్రత్యేకం.

మూడవది చిలుకూరు దగ్గరి మృగవని. ఇది కూడా 1994లోనే జాతీయ ఉద్యానవనమైంది.

ఒక్క సంగతి గమనించండి. ఈ పార్కుల్లో రాళ్ళు మిగిలాయంటే రాళ్ళ కోసం పెట్టిన చట్టం వల్ల కాదు. జింక కోసం, నెమలి కోసం గోడ కట్టారు కాబట్టి మిగిలాయి. మౌలాలీ గుట్ట మీద దర్గా ఉంది కాబట్టి నిలిచింది. భువనగిరి బండ మీద కోట ఉంది కాబట్టి నిలిచింది. మన వరంగల్ కోటలోని ఏకశిల గుట్ట కూడా అంతే. ఓరుగల్లు అనే పేరే ఆ ఒంటి రాయి నుండి వచ్చిందని చెబుతారు. రాయి ఎప్పుడూ ఇంకొకరి నీడలోనే బతికింది. ఏ దేవుని గుడీ, ఏ దర్గా, ఏ కోటా, ఏ జింకా లేని గుట్టకు ఊరి జనం తప్ప వేరే దిక్కు లేదు.

2025లో జరిగిన సంగతి ఇందుకు నిదర్శనం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమి విషయంలో వివాదం వచ్చింది. అది ప్రభుత్వ భూమి అని, అభివృద్ధికి వాడతామని ప్రభుత్వం అన్నది. అక్కడ చెట్లు, గుండ్లు, నీటి మడుగులు, జింకలు, నెమళ్ళు ఉన్నాయని విద్యార్థులు, పర్యావరణవాదులు అన్నారు. మార్చి నెలాఖరులో యంత్రాలు దిగి చెట్లు కొట్టడం మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా విషయాన్ని చేపట్టి, చెట్ల నరికివేతను ఆపమని ఆదేశించింది. అప్పటికే దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయినట్లు కోర్టుకు నివేదిక అందింది. పేరు జాబితాలో లేని అడవిని కూడా, దాన్ని రోజూ చూసేవారు నోరు విప్పబట్టే కోర్టు చూసింది.

మన ఒంటికి దీనితో పనేమిటి?

మొదట నీటి సంగతి. గుట్ట మీద పడిన వాన బండ మీద నిలవదు. జారి కిందికి వస్తుంది. గుండ్ల సందుల్లోకి, నెర్రెల్లోకి దిగుతుంది. అందుకే గుట్ట మొదట్లో చెట్లు పచ్చగా ఉంటాయి, అక్కడి బావిలో నీరు తొందరగా ఎండదు. మన పెద్దలకు ఇది బాగా తెలుసు. గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట పోసి చెరువులు కట్టారు. కాకతీయుల కాలం నాటి పాకాల చెరువు అలా కట్టినదే. హైదరాబాద్‌లో దుర్గం చెరువు కూడా గుట్టల మధ్య ఉన్నదే. అది ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చింది. గుట్టలను చదును చేసి మొత్తం సిమెంటు వేస్తే నీరు దిగే దారి పోతుంది. వానాకాలంలో వరద, వేసవిలో ట్యాంకరు, రెండూ ఇంటి ముందుకు వస్తాయి.

రెండవది వేడి. ఉత్త బండ ఎండకు కాలుతుంది, అది నిజమే. గుండ్ల మధ్య పెరిగిన చెట్లు, పొదలు, నీటి దోనెలు ఉన్న చోట మాత్రం సాయంత్రం త్వరగా చల్లబడుతుంది. సిమెంటు, తారు పగలు తాగిన వేడిని రాత్రంతా వదులుతూ ఉంటాయి. రాత్రి ఒళ్ళు చల్లబడకపోతే వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి, పసిపిల్లలకు వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది.

మూడవది నడక. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చే వేగంతో నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. షుగరు, బీపీ ఉన్నవారికి ఇది మందుతో సమానం. నగరంలో వాహనాల పొగ లేకుండా అరగంట నడిచే చోటు దొరకడం కష్టం. కేబీఆర్ పార్కు బయటి బాటలో తెల్లవారుజామున నడిచేవారిని చూస్తే ఆ చోటు విలువ తెలుస్తుంది.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, దుమ్ము.

రాయి పగిలిన చోట ఊపిరి

గ్రానైట్‌లో మెరిసే తెల్లని పలుకులు స్ఫటికం, అంటే సిలికా. రాయి గుట్టగా ఉన్నంత కాలం ఆ సిలికా ఎవరికీ ఏ హానీ చేయదు. పేల్చినప్పుడు, కోసినప్పుడు, కంకర చేసినప్పుడు అది కంటికి కనిపించనంత సన్నని దుమ్ముగా లేస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. మెత్తగా ఉండే ఊపిరితిత్తి దాని చుట్టూ మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీనినే సిలికోసిస్ అంటారు.

మన మూడు జిల్లాల నుండి క్వారీల్లో, క్రషర్లలో, గ్రానైట్ పాలిష్ యూనిట్లలో, హైదరాబాద్ భవన నిర్మాణాల్లో పనిచేసేవారు ఉన్నారు. వారి కుటుంబాలు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

సిలికోసిస్‌కు పూర్తిగా నయం చేసే మందు లేదు. పని మానేసినా కొందరిలో జబ్బు ముదురుతూనే ఉంటుంది. కాబట్టి రాకుండా చూసుకోవడమే దారి.

ఈ జబ్బు ఉన్నవారికి క్షయ, అంటే టీబీ, వచ్చే అవకాశం చాలా ఎక్కువ. రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి. రెండు వారాలకు మించి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం ఉంటే కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పక చేయించుకోవాలి. ఏ పని చేస్తారో, ఎన్నేళ్ళుగా చేస్తున్నారో డాక్టరుగారికి చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. దుమ్ములో పనిచేస్తూ బీడీ, సిగరెట్ తాగితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

మూతికి కట్టుకునే టవలు, దస్తీ ఈ సన్నని దుమ్మును ఆపలేవు. ఎన్-95 వంటి మాస్కు ముఖానికి బిగుతుగా కూర్చోవాలి. దానికంటే మేలైనది రాయిని నీటితో తడుపుతూ కోయడం. పనిబట్టలు ఇంట్లో దులపకండి. పిల్లలను ఎత్తుకునే ముందు స్నానం చేసి బట్టలు మార్చుకోండి.

క్వారీ వదిలేసిన గుంతలు మరో ప్రమాదం. వానాకాలంలో అవి నిండి దోమలకు నెలవవుతాయి. ఈతకు దిగిన పిల్లలకు లోతు తెలియదు.

ఒక గుట్టకు రక్షణ దొరికిందంటే, దాన్ని పగలగొట్టే దుమ్ము కూడా ఎవరి గుండెలోకీ వెళ్ళలేదన్నమాట. ఈ లెక్కను ఎవరూ రాయరు. వైద్యం చేసేవారికి మాత్రం కనబడుతుంది.

వేరే నగరాలు ఏం చేశాయి?

బెంగళూరులో లాల్‌బాగ్ తోట మధ్యలో ఒక పెద్ద బండ ఉంది. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. రోజూ వందల మంది దాని మీదకెక్కి కూర్చుంటారు, నడుస్తారు. తోటలో భాగం కావడమే దాన్ని కాపాడింది.

చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం దగ్గరి రాయిది మరో ముచ్చట. కలకత్తాలో సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ అనే ఆంగ్లేయుని సమాధి ఉంది. ఆ సమాధి మీది రాయి చెన్నై ప్రాంతం నుండి తెచ్చినది. థామస్ హాలండ్ అనే శాస్త్రవేత్త 1893లో ఆ జాతి రాయికి చార్నాక్ పేరు మీద ‘చార్నొకైట్’ అని పేరు పెట్టాడు. అపొస్తలుడైన తోమా పేరుతో సంఘాలన్నీ గుర్తు చేసుకునే ఆ కొండ ప్రాంతపు రాయి ఇప్పుడు జాతీయ భూగర్భ స్మారకాలలో ఒకటి.

విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య సముద్రం ఒడ్డున ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. గాలి, సముద్రం, వాన కలిసి వేల ఏళ్ళలో చేసిన ఎర్ర ఇసుక గుట్టలు అవి. తమిళనాడులోను, శ్రీలంకలోను ఇలాంటివి కొన్ని ఉన్నాయి. జియలాజికల్ సర్వే గుర్తింపు వీటికి ఉంది. అయినా 2024లో ఆ ప్రాంతంలో యంత్రాలతో చదును చేయడం చూసి జనం ఆందోళన చెందారు. గుర్తింపు ఉన్నా కాపలా అవసరమేనని అది మళ్ళీ తెలిపింది.

మన దగ్గర ఉన్నవి

హైదరాబాద్ గుట్టల గురించి చదివి, అది పట్నం వారి సంగతి అనుకోకండి. అదే రాయి మన కాళ్ళ కింద కూడా ఉంది. జనగామ జిల్లాలో జఫర్‌గఢ్ కోట గుట్టలు ఉన్నాయి. సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ కూడా ఈ జిల్లాలోదే. మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు అడవిలో భీమునిపాదం జలపాతం ఉంది.

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది. ఇక్కడి రాయి గ్రానైట్ కాదు, ఇసుకరాయి. గాలికి, నీటికి అరిగి గుహలుగా, నీడనిచ్చే చరియలుగా మారింది. 1990లో ఇక్కడ ఆదిమానవులు వేసిన రంగు బొమ్మలు వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి వంటి జంతువులు, మనుషులు, విల్లంబులు ఆ బొమ్మల్లో ఉన్నాయి. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వాడారు. గొంతెమ్మ గుహ, మేకల బండ, ముంగీస బండ, ఎదురు పాండవులు వంటి పేర్లు అక్కడి జనం పెట్టుకున్నవే. భూగర్భ వారసత్వ స్థలంగా కూడా దీనికి గుర్తింపు వచ్చింది. వేల ఏళ్ళు నిలిచిన ఆ బొమ్మ, ఒక్క పిల్లవాడు మేకుతో తన పేరు చెక్కితే పోతుంది. చెయ్యి రుద్దినా, నీళ్ళు చల్లినా రంగు పాడవుతుంది.

భువనగిరి బండను కూడా ఒక మాట చెప్పుకోవాలి. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె తొలి అడుగులు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదనే. రాయిని పగలగొట్టి అమ్మితే ఒకసారి డబ్బు వస్తుంది. రాయిని ఉంచితే తరతరాల పిల్లలు ఎక్కుతారు.

వెళ్ళేవారికి కొన్ని సూచనలు

వైద్యం కోసం హైదరాబాద్‌లో రోజుల తరబడి ఉండవలసి వస్తే, రోగి తోడుగా వెళ్ళినవారు తమ ఒంటిని కూడా చూసుకోవాలి. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి కేబీఆర్ పార్కు దగ్గరే. రోగి దగ్గర ఇంకొకరు ఉన్నప్పుడు వెళ్ళి అరగంట నడవండి. కూర్చుని కూర్చుని కాళ్ళ వాపు, నిద్రలేమి వచ్చేవారికి ఇది మేలు చేస్తుంది. కీమోథెరపీ తీసుకుంటున్న రోగులు మాత్రం జనంలోకి వెళ్ళే ముందు డాక్టరును అడగాలి.

గుట్ట ఎక్కేటప్పుడు ఎండ ముదరక ముందే ఎక్కి దిగండి. నీళ్ళు, ఓఆర్ఎస్ వెంట ఉంచుకోండి. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కింది బాటలోనే నడవండి. వాన పడిన బండ మీద పాకురు ఉంటుంది, జాగ్రత్త.

పెద్ద బండల కింద పెద్ద తేనెటీగల పట్టులు ఉంటాయి. పొగ పెట్టకండి, రాళ్ళు విసరకండి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తి దూరంగా పోండి, వీలైతే గదిలోకో వాహనంలోకో వెళ్ళండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరండి.

గుండ్ల సందుల్లో చేయి పెట్టకండి. పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకండి. ఉంగరాలు, గాజులు తీసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. మంత్రాలతో గడిపే గంట ప్రాణం తీస్తుంది.

కోతులకు తిండి పెట్టకండి. కరిస్తే లేదా రక్కితే సబ్బు, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టండి.

ప్లాస్టిక్ కవర్లు, సీసాలు గుట్ట మీద వదిలి రాకండి. రాయి మీద పేర్లు రాయకండి. పిల్లలకు కూడా ఇదే నేర్పండి.

మన ఊరి గుట్టకు ఒక పేరు ఉంటుంది. ఆ పేరు, దాని వెనుక కథ, వానాకాలంలో నీరు ఎటు పారుతుంది అనేవి ఇంట్లో పెద్దవారికి తెలుసు. ఈ వేసవి సెలవుల్లో పిల్లలచేత వాటిని అడిగించి, ఒక పుస్తకంలో రాయించండి. గ్రామసభలో ఎప్పుడైనా ఆ గుట్ట క్వారీకి ఇచ్చే మాట వస్తే, అడగవలసిన ప్రశ్నలు మూడు: కింద ఉన్న బావులు ఏమవుతాయి? దుమ్ము ఏ వాడ మీదకు వస్తుంది? పని అయిపోయాక ఆ గుంతను ఎవరు పూడుస్తారు? ఈ మూడింటికీ జవాబు వచ్చే దాకా అడుగుతూ ఉండటం ఆ ఊరి ఆరోగ్యాన్ని కాపాడే పనే.